అద్దె సైన్యానికి కట్టిన కిరాయి మన తాలూకాలే

2022 వేసవిలో బుక్కపట్నం చెరువు కింద ఉపాధి పనికి వచ్చిన కూలీలతో మీటింగు పెట్టుకున్నాం. కూలిరేటు గురించి, మస్టర్ల గురించి మాట్లాడుకుంటుంటే వెనక కూర్చున్న ఒక అక్క లేచి అడిగింది: "యాడో యుద్ధమైతే మన అంగట్లో నూనె ధర యేంటికన్నా పెరిగేది?" మేము తొందరలో "అంతా సామ్రాజ్యవాదం వల్లే అక్కా" అనేసి తర్వాత విషయానికి పోయాం. ఆమె తల ఊపి కూర్చుంది గానీ అది జవాబు కాదని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు.

నూనె సంగతి చెప్పడం తేలిక. అప్పట్లో మన దేశం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్ నుంచి, ఆ తర్వాత రష్యా నుంచి వచ్చేది. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలయింది, నల్ల సముద్రపు రేవులు మూతపడ్డాయి, లీటరు పాకెట్టు రెండు వందల దాకా ఎక్కింది. మనది చెనిక్కాయ సీమ కదా, నూనె ధర పెరిగితే మన రైతుకు లాభమే గదా అన్నారు కొందరు పెద్దమనుషులు. ఖరీఫ్ కాయ అప్పు తీర్చడానికి నవంబరు, డిసెంబరులోనే మండీకి పోతుంది. ఫిబ్రవరి తర్వాత పెరిగిన ధర గోదాములో సరుకు పెట్టుకున్నవాడిది. రైతుకు మిగిలిందల్లా ఎరువుల ధర. పొటాష్ మనకు పూర్తిగా బయటి దేశాల నుంచే రావాలి. రష్యా, బెలారస్‌ల మీద ఆంక్షలు పడ్డ ఆ ఏడు బస్తా 1,700 రూపాయలయింది.

అసలు ప్రశ్న వేరే ఉంది. పొరుగు పొరుగు దేశాలు ఎందుకు కొట్లాడుకుంటాయి? నడుమ మూడోవాడు ఎందుకు దూరతాడు? దీనికి జవాబు వెతకడానికి ఐరోపా దాకా పోనక్కరలేదు. మన సీమకు పూర్వం ఉన్న పేరే జవాబు. 1928లో నంద్యాల సభల్లో రాయలసీమ అనే పేరు పెట్టుకునే దాకా మనవి దత్తమండలాలు. ఎవరు ఎవరికి దత్తం చేశారు, దేనికింద చేశారు?

పద్దెనిమిదో శతాబ్దం చివర ఇక్కడ ముగ్గురు పొరుగువాళ్లు: హైదరాబాదు నిజాం, పూనా పీష్వా, శ్రీరంగపట్నం టిప్పు సుల్తాను. ముగ్గురికీ కావలసింది మన పల్లెల శిస్తే. 1790లో నిజాం, పీష్వా కలిసి ఇంగ్లీషు కంపెనీతో కూటమి కట్టి టిప్పు మీద పడ్డారు. 1792లో టిప్పు సగం రాజ్యం వదులుకున్నాడు, 3 కోట్ల 30 లక్షల రూపాయలు ఒప్పుకున్నాడు, ఇద్దరు కొడుకులను తాకట్టు పెట్టాడు. మూడేళ్లు తిరక్కముందే, 1795లో, కూటమిలోని మరాఠాలే ఖర్దా దగ్గర నిజాంను చావగొట్టారు. అప్పుడు మిత్రుడైన కంపెనీ ఏం చేసింది? మాకు సంబంధం లేదని పక్కన నిలబడింది. నిజాం ఫ్రెంచి అధికారి రేమాన్ కింద పటాలాలు పెంచుకున్నాడు. టిప్పు కూడా ఫ్రెంచివాళ్ల సాయం కోసమే చూస్తున్నాడు. అంటే ఒక్కడూ పొరుగువాడితో మాట్లాడుకోలేదు, అందరూ సముద్రం అవతలివాడితోనే మాట్లాడుకున్నారు.

1798లో గవర్నర్ జనరల్ వెల్లస్లీ వచ్చి నిజాంకు సైన్య సహకార ఒప్పందం అంటగట్టాడు. ఫ్రెంచి పటాలాలను తీసేయాలి, ఆరు కంపెనీ పటాలాలను పెట్టుకోవాలి, వాటికి ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలు చెల్లించాలి. మరుసటి ఏడు, 1799 మే 4న, శ్రీరంగపట్నం కూలింది, టిప్పు చనిపోయాడు. పంపకంలో గుత్తి, గుర్రంకొండ, మన పెనుకొండ వైపు పల్లెలు నిజాం వాటాకు వచ్చాయి. ఎన్నాళ్లు నిలిచాయి? ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1800 అక్టోబరు 12న కొత్త ఒప్పందం. సైన్యం ఇంకా పెంచారు, ఖర్చు పెరిగింది. డబ్బుకు బదులు 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి వచ్చిన భూభాగాన్ని నిజాం కంపెనీకే అప్పగించాడు. యుద్ధంలో గెలిచినదంతా మిత్రుడి కిరాయికే సరిపోయింది. దత్తమండలాలంటే అదీ.

ఇక కొత్త యజమాని. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోను మన తాతలు దేవుడిలా చూసిన మాట నిజం. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్న ఊళ్లున్నాయి. మనిషి మంచివాడే అయి ఉండవచ్చు, లెక్క మాత్రం లెక్కే. ఆయన ఉన్న ఏడేళ్లలో శిస్తు ఇంచుమించు ఒకటిన్నర రెట్లయింది. 1807లో పోతూ పోతూ ఈ శిస్తు ఎక్కువ, పావు వంతు తగ్గించాలని ఆయనే రాశాడు. పైవాళ్లు వినలేదు.

విడిపోయిన ప్రాంతాల సంగతి కూడా ఇక్కడే కనిపిస్తుంది. మన్రో వచ్చేనాటికి దత్తమండలాల్లో సుమారు 80 మంది పాలెగాళ్లు. కోట, నాలుగు తుపాకులు, కొంత బలగం ఉన్న ప్రతివాడూ ఒక రాజే. వాళ్లంతా పుట్టు తిరుగుబాటుదార్లు కారు. మైసూరు బలపడితే మైసూరుకు కప్పం, నిజాం దండు వస్తే నిజాంకు కప్పం, మధ్యలో మరాఠాలు వస్తే చౌతు. పై రాజులు తమ పొరుగువాణ్ణి పొడవడానికి వీళ్లను పోషించారు, పని తీరాక అణిచేశారు. వాళ్లలో కొందరికి న్యాయమైన బాధే ఉంది. కానీ ఆ బాధను ఇంకొకడు ఆయుధంగా వాడుకున్నాడు. ఎవరు వచ్చినా మళ్లీ మళ్లీ దున్నినవాడే కట్టాడు.

ఈ కళ్లతో ఉక్రెయిన్‌ను చూడాలి. 2008 ఏప్రిల్‌లో బుకారెస్టులో నాటో కూటమి ఉక్రెయిన్, జార్జియాలు ఎప్పటికైనా తమలో చేరతాయని ప్రకటించింది. ఆ ఆగస్టులోనే దక్షిణ ఒసేతియా కోసం రష్యాకూ జార్జియాకూ యుద్ధం జరిగింది. 2014లో కీవ్‌లో ప్రభుత్వం మారాక దొనెత్స్క్, లుహాన్స్క్ అనే బొగ్గుగనుల ప్రాంతాలు విడిపోయామన్నాయి. రష్యన్ మాట్లాడే అక్కడి జనానికి భాష విషయంలో, కొలువుల విషయంలో భయాలు ఉత్తవి కావు. రష్యా తుపాకులు రాకపోతే అవి యుద్ధమయ్యేవా అంటే అదీ అనుమానమే. మిన్‌స్క్ ఒప్పందాలు కాగితం మీదే ఉండిపోయాయి, 2022 నాటికే పధ్నాలుగు వేల మందికి పైగా చచ్చారు. ఫిబ్రవరి 21న రష్యా ఆ రెండింటినీ దేశాలుగా గుర్తించింది, మూడో రోజుకు సైన్యాన్ని నడిపింది.

మన శ్రేణుల్లో కొందరు ఇక్కడ తడబడతారు. నాటో చేసింది తప్పు కాబట్టి రష్యా చేసింది ఒప్పు అంటారు. మేము ఒప్పుకోం. పొరుగువాడు చెడ్డ స్నేహం చేశాడని వాడి ఇంట్లో దూరి కొట్టే హక్కు ఎవరికీ లేదు. పైగా ఆ దాడి నాటోను తగ్గించలేదు, పెంచింది. 2023లో ఫిన్లాండ్, 2024లో స్వీడన్ అందులో చేరాయి.

మన పొరుగుదీ ఇదే కథ. 1954లో పాకిస్తాన్ పాలకులు అమెరికా సైనిక కూటమి సీటోలో చేరారు. ఆ కూటమి ఢిల్లీని బెదిరించడానికి పనికొచ్చిందేమో గానీ, బెంగాలీ మాట్లాడే తూర్పు పాకిస్తాన్ 1971లో విడిపోకుండా ఆపలేదు. సరిహద్దు ఇంకా చల్లారలేదు. 2025 మే నెలలో గోరంట్ల మండలం తండా నుంచి పోయిన జవాను అక్కడ ప్రాణం వదిలాడు. అమ్మానాయన కూలి చేసి పెంచిన బిడ్డ. శవపేటిక వచ్చిన రోజు నాయకులందరూ వచ్చారు.

చివరగా మన ఇంటి సంగతి ఒకటి. 2014లో రాష్ట్రం రెండయింది. సైన్యాలు లేవు, కూటములు లేవు, కాబట్టి రక్తం లేదు. నీళ్ల తగాదా మాత్రం ఉంది. 2023 నవంబరు 30న, సరిగ్గా తెలంగాణలో ఓట్లు పడే రోజున, ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగర్ డ్యాం మీద సగం గేట్ల దాకా కంచె వేశారు. అవతల తెలంగాణ పోలీసులు, ఇద్దరిదీ తెలుగే. తీరా ఏమయింది? కేంద్రం సీఆర్‌పీఎఫ్‌ను తెచ్చి డ్యాం మీద పెట్టింది. కృష్ణలో మన వాటా తేలితేనే హంద్రీ–నీవా కాలువకు నీళ్లు, నీళ్లొస్తేనే బుక్కపట్నం చెరువు కింద నాట్లు, నాట్లుంటేనే ఆ అక్కకు కూలి. రెండు వైపులా రైతు సంఘాలు, వ్యవసాయ కార్మిక సంఘాలు కలిసి కూర్చుని ఆ నీటి లెక్క మాట్లాడుకోవాలని మేము అప్పుడే అడిగాం. రెండు రాజధానుల్లోనూ ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఈసారి చెరువు దగ్గర మీటింగులో దాన్నే మొదటి విషయంగా పెడుతున్నాం.