థంబ్‌నెయిల్ మీదికెక్కని పేరు

2023 మార్చి 12న లాస్ ఏంజిలిస్ డాల్బీ థియేటర్‌లో 'నాటు నాటు'కు ఆస్కార్ ప్రకటించినప్పుడు ప్రతిమ అందుకున్నది ఇద్దరే. ఒకరు బాణీ కట్టిన కీరవాణి, రెండోవారు పాట రాసిన చంద్రబోస్. అదే రాత్రి అదే వేదిక మీద ఆ పాట పాడి హాలును ఉర్రూతలూగించిన రాహుల్ సిప్లిగంజ్‌కు గానీ, కాలభైరవకు గానీ ఆ పురస్కారంలో వాటా లేదు. పాట అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది ఎన్టీఆర్, రామ్‌చరణ్‌ల అడుగులు, వాటిని కూర్చిన ప్రేమ్ రక్షిత్ నృత్యం. అయినా అకాడమీ నియమం మారదు. ఉత్తమ ఒరిజినల్ సాంగ్ పురస్కారం పాటను పుట్టించిన వాళ్లకే దక్కుతుంది. ఆ నియమం వల్లనే చంద్రబోస్ సొంతూరు, ఉమ్మడి వరంగల్ జిల్లా చిట్యాల మండలం చల్లగరిగ పేరు ఆ రోజు పత్రికలకెక్కింది. ఇదే పాట సినిమాలో కాకుండా ఏదో యూట్యూబ్ ఛానెల్‌లో ఫోక్ సింగిల్‌గా వచ్చి ఉంటే రాసినాయన పేరు ఎందరికి తెలిసేది? థంబ్‌నెయిల్ మీద ఆడినవాళ్ల ముఖాలుండేవి, పెద్ద అక్షరాల్లో పాడినవాళ్ల పేరుండేది. రచయిత పేరు కింద మడిచిపెట్టిన వివరాల్లో, నొక్కి తెరిస్తే తప్ప కనబడని చోట, కెమెరా అసిస్టెంట్ పేరుకు పైనో కిందో ఉండేది.

ఇవాళ తెలుగు పాప్ సంగీతం అంటే చాలావరకు ఈ సింగిల్సే. సినిమా కోసం ఎదురుచూడకుండా సొంత పాటతో జనంలోకి వెళ్లే దారి ఇది, మంచి దారి. హైదరాబాద్ మంగళ్‌హాట్ గల్లీల నుంచి వచ్చిన రాహుల్ సిప్లిగంజ్ 'మగజాతి', 'పూర్ బాయ్' వంటి సొంత పాటలతో పేరు తెచ్చుకున్నాకే ఆస్కార్ వేదిక దాకా నడిచాడు. రామ్ మిరియాల చౌరస్తా బ్యాండ్‌తో నిలదొక్కుకున్నాకే సినిమా అతన్ని పిలిచింది. అయితే ఈ దారిలో ఒక లోపం మొదటినుంచీ ఉంది. సింగిల్ అనేది నలుగురైదుగురు కలిసి చేసే పని. ఒకరు రాస్తారు, ఒకరు ట్యూన్ కడతారు, ఒకరు కీబోర్డు, ప్యాడ్స్ మీద ట్రాక్ తయారు చేస్తారు, ఒకరిద్దరు పాడతారు, ఒకరు నాట్యం చేస్తారు. పేరూ ఆదాయమూ మాత్రం ఛానెల్ ఎవరిదో వారివైపే మొగ్గుతాయి. రికార్డింగ్‌కు ముందే ఎవరి పేరు ఎక్కడుండాలో, ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోనిదే ఈ సింగిల్స్ సంస్కృతి మన రచయితలకు న్యాయం చేయదు. నేను చెప్పదలచింది ఇదే.

2021 ఏప్రిల్‌లో వచ్చిన 'బుల్లెట్టు బండి' పాట సంగతే చూడండి. ఆగస్టులో మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు ఆ పాటకు ఆడిన వీడియో దేశమంతా తిరిగింది. టీవీలు ఆ వధువును పిలిచి మాట్లాడించాయి. పాడిన మోహన భోగరాజు పేరు ఇంటింటికీ చేరింది, ఆ గొంతుకు అది న్యాయమే. ఆ పాట రాసింది లక్ష్మణ్ అని, సంగీతం ఎస్.కె. బాజీ అని పెళ్లిళ్లలో ఆ పాటకు ఆడిన లక్షలమందిలో ఎందరు చెప్పగలరు? 2025లో కోట్ల వ్యూస్ దాటిన 'రాను బొంబాయికి రాను' విషయంలో రాము రాథోడ్ తానే రాసి, తానే పాడి, తానే ఆడాడు కాబట్టి రచయిత పేరు మరుగున పడలేదు. అక్కడ కూడా సంగీతం చేసిన కళ్యాణ్ కీస్ పేరు, జంటగా పాడిన ప్రభ పేరు ఆ పాట చేరినంత దూరం చేరలేదు. ఇందులో ఎవరి దురుద్దేశాన్నీ వెతకనక్కర్లేదు. ముఖాన్ని చూపించి నొక్కించుకోవడం మీద నడిచే వ్యాపారం ఇది, రాసినవాడికి అందులో చూపించే ముఖం లేదు.

ఈ సంగతి వరంగల్‌కు ఎక్కువగా పట్టాలి, ఎందుకంటే ఇది పాట రాసేవాళ్ల జిల్లా. 'జయ జయహే తెలంగాణ' రాసిన అందెశ్రీ పుట్టిన రేబర్తి అప్పట్లో ఈ జిల్లాలోదే. తెలంగాణ ఉద్యమకాలంలో అమరుల మీద పాటలతో జనాన్ని ఏడిపించిన మిట్టపల్లి సురేందర్ ఈ నేల బిడ్డ. మహబూబాబాద్ ప్రాంతపు కంబాలపల్లి నుంచి వెళ్లిన చక్రి ప్రైవేటు ఆల్బమ్‌లు చేసి చేసి, 2000లో 'బాచి'తో సినిమా సంగీత దర్శకుడయ్యాడు. మరుసటి ఏడాదే 'ఇట్లు శ్రావణి సుబ్రమణ్యం'లో నర్సంపేట వైపు నాగుర్లపల్లికి చెందిన కందికొండ యాదగిరితో పాట రాయించాడు. ఒకే జిల్లా నుంచి వెళ్లిన స్వరకర్త, కవి కలిసి చేసిన ఆ పాట పాతికేళ్లయినా చెవుల్లోంచి పోలేదు. చక్రి 2014 డిసెంబరులో, నలభై ఏళ్లకే పోయాడు. కందికొండ క్యాన్సర్‌తో పోరాడి 2022 మార్చి 12న, చంద్రబోస్ ఆస్కార్ అందుకోవడానికి సరిగ్గా ఏడాది ముందు, కన్నుమూశాడు. సినిమా పాటలూ బతుకమ్మ పాటలూ రాసి ఇంత పేరు పొందిన మనిషి వైద్యానికి ప్రభుత్వ సాయం అవసరమైంది. సాయం చేసిన వాళ్లు మంచిపని చేశారు. కానీ పాట మోగుతున్నంత కాలం రాసినవాడి ఇంటికి ఎంతో కొంత చేరే ఏర్పాటు ఉన్న చోట అలాంటి సాయం కోసం చూడాల్సిన పని తగ్గుతుంది.

ఇదే నేల నుంచి మరో ఉదాహరణ, సంతోషపెట్టేది, హనుమకొండ వాడైన కాసర్ల శ్యామ్‌ది. 'అల వైకుంఠపురములో' సినిమాకు రాసిన 'రాములో రాములా'కు తమన్ సంగీతం, అనురాగ్ కులకర్ణి, మంగ్లీ గొంతులు. 2023లో 'దసరా'కు రాసిన 'చమ్కీల అంగీలేసి'కి బాణీ కట్టింది చెన్నైకి చెందిన సంతోష్ నారాయణన్, పాడింది రామ్ మిరియాల, ధీ. అదే ఏడాది 'బలగం'లో 'ఊరు పల్లెటూరు'కు భీమ్స్ సిసిరోలియో స్వరం, మళ్లీ రామ్ మిరియాల, మంగ్లీ. మూడు పాటలు, ముగ్గురు స్వరకర్తలు, వేర్వేరు ప్రాంతాల గొంతులు. అన్నింటిలోనూ మన ఇళ్లలో మాట్లాడుకునే మాటే పల్లవయింది, మనవి కాని చెవులకు కూడా అది ఎక్కింది. కలిసి పనిచేస్తే పాట ఎంత దూరం పోతుందో ఇంతకంటే మంచి రుజువు నాకు తోచదు. 'ఊరు పల్లెటూరు'కు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ గీత రచయిత అవార్డు శ్యామ్ పేరిట వచ్చింది. ఆస్కార్‌లో లాగే ఇక్కడా రాసినవాడికి విడిగా ఒక పీట వేసి ఉంది కాబట్టి దక్కిన గౌరవం అది. సినిమాలో టైటిల్స్ ఉంటాయి, ఆడియో కంపెనీ ఒప్పందం ఉంటుంది, అవార్డు విభాగం ఉంటుంది. హనుమకొండలోనో నర్సంపేటలోనో ఏ చిన్న స్టూడియోలోనో బతుకమ్మ పాట రాసిచ్చే కుర్రాడికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

చట్టం లేదా అంటే ఉంది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ఈ విషయంలో చాలా స్పష్టం. జావేద్ అఖ్తర్ లాంటి రచయితలు ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చిన సవరణ అది. సినిమాలో భాగం కాని సౌండ్ రికార్డింగ్‌లో చేరిన సాహిత్యానికీ సంగీతానికీ, అంటే సరిగ్గా మన సింగిల్స్‌కు, వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు హక్కులు తీసుకున్నవారితో సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వదులుకుంటున్నానని సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. అసలు హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండి తీరాలి, నోటిమాట సరిపోదు. ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లే. రచన హక్కులు అమ్ముకున్నాక కూడా 'ఇది నేను రాశాను' అని చెప్పుకునే హక్కు రచయితకు 57వ సెక్షన్ కింద మిగిలే ఉంటుంది. రచయిత పోయాక మరో 60 ఏళ్లు కాపీరైట్ నిలుస్తుంది, అంటే కందికొండ రచనల మీద 2082 చివరి దాకా. రాయల్టీ వసూలు చేసి పంచడానికి 1969లోనే ఏర్పడిన ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఉంది. పాడేవాళ్లకూ ఇదే సవరణ రాయల్టీ హక్కు ఇచ్చింది కాబట్టి ఇది గాయకులకు వ్యతిరేకంగా చెబుతున్న మాట ఎంతమాత్రం కాదు. ఛానెల్ తనది కాని గాయని ఒకసారి రెమ్యునరేషన్ తీసుకుని వెళ్లిపోతే ఆమె పరిస్థితీ రచయిత పరిస్థితే.

చట్టంలోనే ఇంకో సంగతి ఉంది, ఫోక్ పాటకు అది బాగా తగులుతుంది. మతపరమైన వేడుకల్లో, పెళ్లి ఊరేగింపుల్లో, పెళ్లికి సంబంధించిన సంబరాల్లో పాట మోగించడం కాపీరైట్ ఉల్లంఘన కిందికి రాదు. ఈ మినహాయింపు ఉండాల్సిందే, బరాత్‌లో డీజే పెట్టుకున్న పేద తండ్రిని ఎవరూ డబ్బు అడగకూడదు. కానీ మన సింగిల్స్ అసలు మోగేది ఎక్కడ? బరాత్‌లో, బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో, వేయిస్తంభాల గుడి ముందు బతుకమ్మలో, మేడారం దారిలో. సినిమా పాటకు థియేటరు ఉంది, ఫోక్ పాటకున్న అతిపెద్ద వేదిక నుంచి పైసా రాదు. అందుకే ఆన్‌లైన్‌లో వచ్చేదాంట్లో వాటా ఈ పాటలు రాసేవాళ్లకు సినిమా రచయితలకంటే ఎక్కువ అవసరం.

జానపదానికి కర్త ఎవరు, అది అందరి సొత్తు కదా అని ఒక వాదన ఉంది. నాట్లేసే అమ్మలు తరతరాలుగా పాడుకున్న బాణీ మీద ఎవరూ హక్కు చెప్పుకోలేరు, చెప్పుకోకూడదు. కానీ ఇవాళ వస్తున్న ఫోక్ సింగిల్స్‌లో అధికభాగం పాత నడక మీద కొత్తగా రాసినవి. నడక ఊరిదే అయినా కొత్త చరణాలకు రాసిన మనిషి ఉన్నాడు. నిజంగా పాతపాటే అయిన చోట కూడా దాన్ని ఎవరి నోట విని తెచ్చారో చెప్పడం కనీస ధర్మం. 2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగ దరియా' చుట్టూ వచ్చిన వివాదం ఈ ధర్మం గురించే. సుద్దాల అశోక్ తేజ రాసి మంగ్లీ పాడిన ఆ పాట మూలాన్ని అంతకుముందే వెలికితెచ్చి టీవీలో పాడిన కోమలి తన పేరు ఏదని అడిగింది. ఆమెకు గుర్తింపు ఇస్తామని దర్శకుడు శేఖర్ కమ్ముల బహిరంగంగా ప్రకటించాల్సి వచ్చింది. ముందే రాసుకుని ఉంటే గొడవే లేదు. విదేశాల్లోనూ ఇంతే. మార్క్ రాన్సన్, బ్రూనో మార్స్ కలిసి 2014లో చేసిన 'అప్‌టౌన్ ఫంక్' తమ పాత పాటను పోలి ఉందని గ్యాప్ బ్యాండ్ వాళ్లు అడిగితే, మరుసటి ఏడాది వాళ్లనూ రచయితలుగా చేర్చి 17 శాతం వాటా ఇచ్చారు. ఆ పాట రచయితల సంఖ్య పదకొండుకు చేరింది. పేర్లు పెరిగినందుకు పాట చిన్నబోలేదు.

రెండో వాదనలో బలం ఎక్కువ. స్టూడియో అద్దె, షూటింగ్, డ్యాన్సర్లు, కెమెరా, ఎడిటింగ్, అన్నీ పెట్టుబడిదారే భరిస్తాడు. పది పాటలు చేస్తే ఎనిమిది పోతాయి, పోయిన వాటి నష్టంలో రచయిత పాలుపంచుకుంటాడా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ రాయల్టీ వాటా అంటే ముందుగా ఇచ్చే సొమ్ము కాదు, వచ్చినప్పుడే ఇచ్చేది. పాట పోతే వాటా సున్నా. నిజానికి చేతిలో డబ్బు లేని కొత్త నిర్మాతకు ఇదే అనువైన పద్ధతి, ముందు తక్కువ ఇచ్చి ఆడినప్పుడు పంచుకోవచ్చు. ఖర్చులు పోను మిగిలిన ఆదాయాన్ని ఎలా లెక్కగట్టాలో కూడా ఆ కాగితంలోనే రాసుకోవచ్చు. అందరం దోస్తులమే, కాగితాలెందుకు అనేవాళ్లూ ఉంటారు. పాట పోతే దోస్తానా ఎక్కడికీ పోదు. ఆడినప్పుడే, వ్యూస్ కోట్లు దాటినప్పుడే చెడుతుంది. కాగితం కావలసింది ఆ రోజుకే.

ప్రభుత్వం వైపు నుంచి కూడా చేయదగినది ఉంది. 2024 డిసెంబరులో అందెశ్రీ, గోరటి వెంకన్న, సుద్దాల అశోక్ తేజ సహా తొమ్మిదిమందికి కోటి రూపాయల చొప్పున ప్రకటించి గౌరవించడం మంచిదే. సన్మానం పేరొచ్చిన వాళ్లకు అందుతుంది, హక్కు పేరు రాని వాళ్లకు కూడా అందాలి. తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. ఊళ్లలో సేకరించిన పాటలకు పాడిన మనిషి పేరు, ఊరు, తేదీతో ఒక బహిరంగ జాబితా అది తయారు చేస్తే మూలం ఎవరిదన్న తగాదాలు సగం తగ్గుతాయి. కాళోజీ కళాక్షేత్రం 2024 నవంబరులో హనుమకొండలో తెరుచుకుంది. అక్కడ ఏడాదికి రెండుసార్లైనా రచయితలకు, గాయకులకు కాపీరైట్ మీద తెలుగులో శిక్షణ పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

అంతకంటే ముందు ఈ పని గాయకులు మొదలుపెట్టాలి, ఎందుకంటే ఛానెళ్లూ జనమూ వాళ్ల చేతిలో ఉన్నారు. వచ్చే బతుకమ్మకు రికార్డింగ్ మొదలయ్యేలోపు ఒక పేజీ రాసుకోండి: రాసింది ఎవరు, బాణీ ఎవరిది, పాత పాటైతే ఎవరి దగ్గర నేర్చారు, ఎవరికి ఎంత శాతం. అందరూ సంతకాలు పెట్టండి. వీడియో మొదటి పది సెకన్లలో, థంబ్‌నెయిల్ మీద మీ పేరు పక్కనే రచయిత పేరు వేయండి. రచయితలూ, మీ పాటలు సొసైటీలో నమోదు చేయించుకోండి, కాగితం లేకుండా పల్లవి పంపకండి.