జరిమానా ఎవరు కట్టారు? ఎవరికి చేరింది?

మా గుణదలలో మేరీమాత కొండకి వెళ్ళే దారిలో పూలు, కొవ్వొత్తులు అమ్ముకునే ఒకావిడ ఉంది. కొన్నేళ్ళ క్రితం కుళాయి దగ్గర మొదలైన తగాదాలో వెనకవీధి మనిషి కర్రతో కొడితే ఆవిడ కుడిచెయ్యి విరిగింది. దండలు కట్టే చెయ్యి! రెండు నెలలు పిండికట్టుతో కూర్చుంది. కేసు అయింది. వాయిదాల మీద వాయిదాలు నడిచాక నేరం రుజువైంది. అతనికి కోర్టు లేచేదాకా శిక్ష, అయిదు వేల రూపాయల జరిమానా వేశారు.

మర్నాడు ఆవిడ మా గుమ్మంలో పూలబుట్ట దించి, "అమ్మగారూ, ఆ అయిదు వేలూ నాకెప్పుడిస్తారండీ? ఆస్పత్రి అప్పు తీర్చేసుకుంటాను" అంది.

నేను డిగ్రీ చదివినదాన్ని. నా కథల్లో జడ్జీల చేత బోలెడు జరిమానాలు వేయించినదాన్ని. అయినా ఆ డబ్బు ఎక్కడికి పోతుందో ఏనాడూ ఆలోచించలేదు. ఏం చెప్పాలో తెలీక, కనుక్కుంటానన్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కొట్టినతని భార్య మా ఇంట్లోనే పనిచేస్తుంది. ఆ వారం బోసి చెవులతో వచ్చింది. "కమ్మలు తాకట్టు పెట్టి కట్టానండీ. లేకపోతే ఆయన్ని జైల్లో పెడతారంట" అంది. మొగుడు చేసిన తప్పుకి పెళ్ళాం కమ్మలు పోయాయి. పోనీ, ఆ డబ్బు దెబ్బ తిన్నావిడకైనా చేరిందా అంటే, అదీ లేదు. నేరుగా ప్రభుత్వ ఖజానాలో జమైంది.

తెలిసిన ప్లీడరుగారిని అడిగాను. మామూలుగా జరిమానా ప్రభుత్వానికే పోతుందట. అయితే అందులో కొంతగానీ మొత్తంగానీ బాధితులకి నష్టపరిహారంగా ఇమ్మని తీర్పులో రాసే అధికారం మేజిస్ట్రేటుకి ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ లో అది 357వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 395వ సెక్షన్. అసలు జరిమానా వెయ్యకపోయినా, నష్టపరిహారం కట్టమని విడిగా ఆదేశించవచ్చు. అప్పీలుకి వీలున్న కేసుల్లో మాత్రం ఆ గడువు ముగిసేదాకా డబ్బు చేతికివ్వరు.

మరి మా పూలావిడకి ఎందుకు రాలేదు? ఎవరూ అడగలేదు కాబట్టి! ఆవిడకి తెలీదు, పక్కనున్న మాకూ తెలీదు.

ఈ అధికారాన్ని ధారాళంగా వాడమని సుప్రీంకోర్టు 1988లోనే హరిసింగ్ కేసులో చెప్పింది. ప్రతి క్రిమినల్ కేసులోనూ నష్టపరిహారం సంగతి ఆలోచించి తీరాలని, ఇచ్చినా ఇవ్వకపోయినా కారణం రాయాలని 2013లో అంకుశ్ శివాజీ గైక్వాడ్ కేసులో మరీ గట్టిగా చెప్పింది. యాసిడ్ దాడి కేసుల్లోనైతే జరిమానా బాధితులకే ఇవ్వాలని 2013లో చట్టమే చేశారు.

యాసిడ్ దాడికి వర్తించిన న్యాయం విరిగిన చేతికి ఎందుకు వర్తించదు? ఒంటిమీద దెబ్బ పడిన ప్రతి కేసులోనూ జరిమానా మీద మొదటి హక్కు దెబ్బ తిన్నవాళ్ళదే కావాలని నా అభిప్రాయం. కేసు నడపడానికి ప్రభుత్వానికీ ఖర్చవుతుందని కొందరంటారు. నిజమే, కాదనను. కానీ ఖజానాకి అయిదు వేలు ఓ లెక్కా? పూలమ్ముకునే మనిషికి అది ఆస్పత్రి అప్పు. పైగా మొదటి తరగతి మేజిస్ట్రేటు వెయ్యగల జరిమానా పరిమితి పది వేల నుంచి ఇప్పుడు యాభై వేలకి పెరిగింది. ఆ సొమ్ము ఎవరికి చేరాలన్నది ఇక చిన్న విషయం కాదు.

చట్టం మారేదాకా మనం చెయ్యగలిగింది ఒకటుంది, అడగడం. శిక్ష ఖరారయ్యే రోజుకి ముందే ఆస్పత్రి చీటీలు, మందుల బిల్లులు, పని పోయిన రోజుల లెక్క ప్రభుత్వ ప్లీడరు చేతికివ్వండి. నష్టపరిహారం అడగమని చెప్పండి. ఫీజు ఇచ్చుకోలేమని వెనకాడక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్ళందరికీ ఉచితంగా లాయర్ని పెడతారు. 15100కి ఫోను చేస్తే దారి చెప్తారు.

కమ్మలు తాకట్టు పెట్టే ఇల్లాళ్ళకీ ఓ మాట. ఒట్టి జరిమానా శిక్షే పడి, డబ్బు వెంటనే కట్టలేకపోతే ముప్ఫై రోజుల గడువుగానీ, రెండు మూడు వాయిదాలుగానీ ఇచ్చే వీలు కోర్టుకి ఉంది. అదీ అడిగితేనే తెలుస్తుంది.

మొన్న పూలావిడకి ఇదంతా చెప్పాను. ఓపిగ్గా విని, "ఈ ముక్క అప్పుడే తెలిసుంటే బాగుండేదమ్మా" అంది. వాన ముసురు పట్టిందంటే ఆ చెయ్యి ఇప్పటికీ లాగుతుందట. దండ ముడి ఎడంచేత్తో వేస్తోంది.