కన్వర్టరు తీయించిన కలుగు లాభమేమి?

మోటారు బండి నేడు మన కుటుంబములలో విలాసవస్తువు కాదు. పలువురికి అది జీవనాధారము. 2008వ సంవత్సరమున దేవనహళ్ళి చెంత విమానాశ్రయము తెరువబడినది మొదలు, ద్రాక్షతోటలను, పంపరపనస తోటలను నమ్ముకొని బ్రతికిన ఇండ్లనుండి సయితము యువకులు టాక్సీ నడుపుటకు దిగిరి. కావున బండి బలమును గూర్చియు, పెట్రోలు ఖర్చును గూర్చియు మనలో చర్చ సాగుట సహజమే. ఆ చర్చలో తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరును కోసి తీసివేసినచో బండి తేలికగా లాగుననియు, మైలేజి హెచ్చుననియు. ఈ మాట నమ్మదగినది కాదని మా నిశ్చితాభిప్రాయము.

కన్వర్టరు అనగా నేమి? తేనెపట్టువలె సన్నని రంధ్రములుగల పింగాణి దిమ్మ. దాని గోడలకు ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువైన లోహములు పలుచగా పూయబడి యుండును. ఇవి ఉత్ప్రేరకములు; తాము ఖర్చు కాకయే ఇతర పదార్థములను మార్చును. ఇంజనునుండి వెలువడు విషవాయువైన కార్బన్ మోనాక్సైడును, కాలక మిగిలిన పెట్రోలు ఆవిరిని, నత్రజని ఆక్సైడులను ఇవి హానిలేని వాయువులుగను, నీటి ఆవిరిగను చాలవరకు మార్చివేయును. మన దేశమున 1995 ఏప్రిల్ 1వ తేదీనుండి నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు ఇది నిర్బంధము చేయబడినది. సీసము కలిసిన పెట్రోలు ఈ లోహములను పాడుచేయును గనుక సీసము లేని పెట్రోలు దానితోపాటే వచ్చినది. 2000 నాటికి సీసపు పెట్రోలు దేశమంతట నిలిచిపోయినది.

మరి తీసివేసిన పిదప బండి చురుకైనదని కొందరు ప్రమాణపూర్వకముగా చెప్పుచున్నారే యన్నచో, దానికి కారణము లేకపోలేదు. ఇంజను నూనె త్రాగుచున్నను, స్పార్కు ప్లగ్గు సరిగా మండకున్నను ఆ మసియు, పచ్చి పెట్రోలును కన్వర్టరులో చేరి దానిని మూసివేయును, లేదా కరిగించును. పొగ బయటకు పోలేక బండి బరువెక్కును. అట్టి మూసుకొనిన దిమ్మను తీసినచో బండి లాగుట నిజమే. కాని రోగము ఇంజనులోనిది. కన్వర్టరు దాని ఫలితమును మాత్రమే చూపినది. ఆరోగ్యముగా నున్న కన్వర్టరును తీసినందువలన సాధారణమైన కారునకు కలుగు బలము నడుపువానికి తెలియనంత స్వల్పము. పందెపు బండ్లలో ఇంజను అమరికనంతయు మార్చి కొంత బలము రాబట్టుదురు. టాక్సీకి ఆ వ్యవహారముతో పనిలేదు.

నష్టము మాత్రము స్పష్టముగా తెలియును. నేటి కార్లలో కన్వర్టరుకు ముందొకటి, వెనుకనొకటి ప్రాణవాయువును కొలుచు సెన్సరులు ఉండును. ముందుది చెప్పినదానినిబట్టి కంప్యూటరు పెట్రోలును కొలిచి పోయును. వెనుకది కన్వర్టరు పనిని కనిపెట్టుచుండును. కన్వర్టరు లేనిచో హెచ్చరిక దీపము వెలుగును. నిత్యము వెలుగు దీపము రేపు రాబోవు నిజమైన లోపమును ఎట్లు తెలుపగలదు? దీపమును ఆర్పుటకై ముందరి సెన్సరును త్రెంచినచో కంప్యూటరు గ్రుడ్డిలెక్కన పెట్రోలు ఎక్కువ పోయును, మైలేజి తగ్గును. కొండ నాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఇట్టివారికే తగును.

ఇంతకన్న భయంకరమైనది వేరొకటి కలదు. రాత్రివేళ ప్రయాణికులకై వేచియుండు డ్రైవర్లు ఇంజను నడిపించి, ఏసీ వేసికొని బండిలోనే నిద్రించుచుందురు. ఏ బండిలోనైనను ఇది ప్రమాదమే. కన్వర్టరు లేక, సరిగా అతుకని గొట్టముగల బండిలో ప్రమాదము అనేక రెట్లు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును.

కొందరు దానిని కూలి పుచ్చుకొనకయే తీసి పెట్టెదరు. ఉచితముగా చేయు ఈ ఉపకారములోని రహస్యమును మన సోదరులు గ్రహింపవలయును. ఆ దిమ్మలోని లోహములు కొద్ది గ్రాములే యైనను వాని ధర మిక్కిలి ఎక్కువ. ఈ లోహములకై 2021 ప్రాంతమున గుజరాతులో మారుతీ ఈకో బండ్ల సైలెన్సరులను దొంగలు రాత్రికిరాత్రి ఊడదీసికొని పోయిరి. దొంగ చీకటిలో తీసికొని పోవుదానిని మనము పట్టపగలు చేతికిచ్చి, పైగా కృతజ్ఞతలు చెప్పుచున్నాము!

చట్టమును సయితము గమనింపుడు. 2019 సవరణ ప్రకారము బండిని అనుమతిలేక మార్చిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, ఆరు నెలలవరకు కారాగారముగాని, రెండునుగాని విధింపవచ్చును. కాలుష్య ప్రమాణములను మీరి నడిపినచో 10,000 రూపాయలవరకు వేరుగా జరిమానా కలదు.

క్రొత్త కన్వర్టరు ధర వేలకొలది రూపాయలనియు, బండి వాయిదాలు కట్టువానికి అది మోయరాని భారమనియు మేమెరుగుదుము. అందుచేతనే దానిని చెడనీయకుండ కాపాడుకొనుట మేలు. నూనె తగ్గుచున్నను, ఇంజను తడబడుచున్నను వెంటనే చూపింపవలయును. మూసుకొనినదని మెకానిక్కు చెప్పినచో, ఎందుకు మూసుకొనినదని అడుగవలయును. మార్పించినప్పుడు పాత దిమ్మను తిరిగి తీసికొనవలయును. దానికి న్యాయమైన విలువ కలదు. పాత బండి కొనువారు దాని అడుగుభాగమును చూచి కొనవలయును.

ఆదివారము తెల్లవారుజామున నందికొండకు పోవు మోటారు సైకిళ్ళు సైలెన్సరులు మార్చుకొని మన ఊరి నిద్ర చెరచుచున్నవని మనమే విసుగుకొందుము. చప్పుడు చెవికి తెలియును గాన దానిపై కోపించితిమి. చెవికి వినబడని విషమును మన బండ్లే విడుచుచుండగా, పరులను తప్పుపట్టుటకు మనకేమి హక్కు గలదు? ఈ ఊరి గాలిని పీల్చు పిల్లలలో మన పిల్లలును ఉన్నారు.