ఇటు ఒకరు, అటు ఒకరు

ఆలుమగల మధ్య మాట పెరిగిందంటే మనవైపు పంచాయితీ పెట్టేస్తారు. బళ్లారి, కోలారు పల్లెల్లోని ముస్లిం కుటుంబాల్లోనూ అంతే. అబ్బాయి తరఫున చిన్నాన్నలు, బావలు, ఊరి పెద్దలు కలిసి పదిమంది కూర్చుంటారు. అమ్మాయి తరఫున తండ్రి ఒక్కడు, అదీ తలొంచుకొని. అమ్మాయేమో లోపలి గదిలో. ‘సర్దుకుపోమ్మా’ అన్న తీర్పు ఆమెకు తలుపు చాటు నుంచే వినిపిస్తుంది. ఇదే ధర్మమని మనం అనుకుంటున్నాం.

ఖురాన్ చెప్పింది ఇది కాదు. కాపురం చెడుతుందన్న భయం కలిగితే భర్త కుటుంబం నుంచి ఒకరిని, భార్య కుటుంబం నుంచి ఒకరిని మధ్యవర్తులుగా పెట్టమంటుంది నాలుగో అధ్యాయం 35వ వాక్యం. ఇటు ఒకరు, అటు ఒకరు. తక్కెడ సమానంగా ఉండాలన్నమాట. పదిమంది ఎక్కడి నుంచి వచ్చారో మరి!

కోర్టులూ ఈ మాటే పట్టుకున్నాయి. తలాక్‌కు సరైన కారణం ఉండాలని, దానికి ముందు ఇరువైపుల మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం జరగాలని 2002లో షమీమ్ ఆరా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకే ఊపులో చెప్పే మూడు తలాక్‌లను 2017లో కొట్టేసింది. 2019 చట్టంతో అది మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరమైంది. కాపురం తెంచే అడ్డదారి మూసుకుంది, సంతోషం. నిలబెట్టే దారి సంగతి ఎవరు చూస్తున్నారు?

అసలు గొడవలు పుట్టేది వంటింటి దగ్గర, డబ్బు దగ్గర. ప్రవక్త ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, ఇంటి పనుల్లో సాయపడేవారని, నమాజు వేళకు లేచి వెళ్లేవారని ఆయన భార్య ఆయిషా చెప్పారు. తన చెప్పులు తానే బాగుచేసుకునేవారట. భార్య విధేయత గురించి విన్నంతగా ఈ చెప్పుల ముచ్చట మనం వినం. ఇక డబ్బంటారా, వరుడు వధువుకు ఇవ్వాల్సిన మహర్ బాకీగా కాగితంలోనే ఉండిపోతుంది, జోడే డబ్బులు మాత్రం పెళ్లికి ముందే చేతులు మారతాయి.

రాజీ అంటే దెబ్బలు తినే పిల్లను మళ్లీ అదే ఇంటికి తోలడం కాదు. 2005 గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ ఉంది. ఉంచుకుంటే మర్యాదగా ఉంచుకో, లేదంటే మంచిగా విడిచిపెట్టు అన్నది కూడా ఖురాన్ మాటే.

జమాతు పెద్దలకు ఒక్క మనవి. నికానామాలో వకీలు పేరు, సాక్షుల పేర్లు రాస్తున్నారు కదా! అక్కడే ఇరువైపుల మధ్యవర్తుల పేర్లూ రాయించండి. అమ్మాయి వైపు మనిషి ఎవరో అమ్మాయినే అడగండి.