పనిదినాన వచ్చి ఓ గంట కూర్చోండి



మా ఊళ్లో నేనొక చిన్న ప్రాథమిక పాఠశాల నడుపుతున్నాను. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా తొంభై లోపు పిల్లలు, నలుగురం టీచర్లం. ఏ పెద్ద సంస్థకూ శాఖ కాదు, ప్రభుత్వ గ్రాంటు లేదు. ఇలాంటి బడులు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి. ఎండలు ముదిరేసరికి వీధి నిండా అడ్మిషన్ల ఫ్లెక్సీలు వెలుస్తాయి, ఇంటికి మనుషులొస్తారు, ఫీజులో రాయితీ అంటారు. ఆ హడావుడిలో అడగాల్సినవి అడగడం మరిచిపోతాం. మీ పిల్లల్ని మా బడిలో చేర్చమని అడగడానికి ఇది రాయడం లేదు. ఏ చిన్న బడిలో చేర్చినా చూసి, అడిగి, ఆ తర్వాతే చేర్చమని వేడుకుంటున్నాను.

మొదట గుర్తింపు పత్రం చూడండి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేకుండా ప్రైవేటు బడి నడపకూడదు. పత్రంలో పేరు, బోర్డు మీద పేరు ఒకటేనా? ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం వరకు ఇచ్చారు? ప్రభుత్వ రికార్డుల్లో బడికి 11 అంకెల యూడైస్ నంబరు ఉందా? చూపించడానికి తటపటాయిస్తే మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో కనుక్కోండి. గుర్తింపు లేని బడి నడిసంవత్సరంలో మూతపడితే అవస్థ పడేది పిల్లలే.

తర్వాత తలలు లెక్కపెట్టండి. ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, 120 దాకా నలుగురు ఉండాలని చట్టం చెబుతోంది. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు తప్పనిసరి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేర్వేరు మరుగుదొడ్లు, మంచినీళ్లు, ఆటస్థలం, చదువుకునే పుస్తకాలు ఉండాలి. మరుగుదొడ్డి తలుపు మీరే తీసి చూడండి. మొహమాటపడకండి.

టీచరుకు డీఈడీ శిక్షణ, టెట్ అర్హత ఉన్నాయా అని అడగండి. ఆ బడిలో ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారో కూడా అడగండి. మాలాంటి బడుల అసలు బలహీనత ఇక్కడే ఉంది. జీతాలు తక్కువ. మంచి టీచరు సగం ఏడాదిలో వెళ్లిపోతే ఆ తరగతి పిల్లలు బెంగపెట్టుకుంటారు. 2020లో కరోనాకు బడులు మూతపడినప్పుడు ఎందరో ప్రైవేటు టీచర్లకు జీతం ఆగిపోయింది. మరుసటి ఏడాది తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. మీరు కట్టే ఫీజులో టీచర్ల జీతానికి ఎంత పోతోందని కరస్పాండెంటును అడిగే హక్కు మీకుంది. ఆ ఫీజు సమయానికి కట్టే బాధ్యతా మీదే.

ఒకటి, రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెడతారని చిన్న బడుల మీద ఫిర్యాదు. ఆ పద్ధతి దానంతటది తప్పు కాదు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాల వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన బడుల్లో రకరకాల ఈడు పిల్లలు ఒకే గదిలో, కార్డుల సాయంతో ఎవరి మెట్టు వాళ్లు ఎక్కుతూ చదువుకున్నారు. ఆ పద్ధతి తర్వాత ఇతర రాష్ట్రాలకూ పాకింది. పెద్దపిల్ల చిన్నవాడికి గుణింతం దిద్దిస్తే ఇద్దరికీ వస్తుంది. కానీ టీచరు ఒక తరగతికి చెబుతున్నంతసేపూ రెండోది ఊరికే కూర్చుంటే ఆ కలపడం వృథా. మీరు చూడాల్సింది ఆ తేడానే.

కొన్ని పనులు ఏ బడీ చేయకూడదు. అడ్మిషన్‌కు పిల్లలకు పరీక్ష, తల్లిదండ్రులకు ఇంటర్వ్యూ పెట్టకూడదు. డొనేషన్ అడగకూడదు. పిల్లల్ని కొట్టకూడదు, మనసు గాయపడేలా మాట్లాడకూడదు. బడి మారతామంటే టీసీ తొక్కిపెట్టకూడదు. వీటికి మాలాంటి చిన్న బడికీ మినహాయింపు లేదు.

రెండో తరగతి పాపకు హోంవర్క్ ఇవ్వడం లేదని నిరుడు ఒక తండ్రి నన్ను నిలదీశారు. ఆయన ఆందోళన నాకు అర్థమైంది. పక్కింటి పిల్లాడు రాత్రి తొమ్మిదింటి దాకా రాస్తుంటే మన పిల్ల వెనకబడుతోందేమో అనిపిస్తుంది. కానీ రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దని, సంచి బరువు పిల్లల బరువులో పదో వంతు దాటకూడదని 2020 నాటి స్కూల్ బ్యాగ్ విధానం చెబుతోంది. మాదీ ఇంగ్లీషు మీడియమే. అయినా మొదటి రెండేళ్లూ ఏది చెప్పినా ముందు తెలుగులో చెబుతాం. తన భాషలో ప్రశ్న అడగడం వచ్చిన పిల్లకు ఇంగ్లీషు అందుతుంది. ప్రశ్నే రాని పిల్లకు ఏ భాషలో చెప్పినా బట్టీయే మిగులుతుంది. మీ పాపకు ఇంట్లో రోజూ ఒక కథ చెప్పి, ఆమె చేత ఒకటి చెప్పించుకోండి. అదే మేమిచ్చే హోంవర్క్.

మా దగ్గర లేనివీ చెప్పాలి. బస్సు లేదు, కంప్యూటర్ గది లేదు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు శిక్షణ పొందిన టీచరు లేరు. ఐదో తరగతి అయ్యాక మరో బడి వెతుక్కోక తప్పదు. ఉన్నది ఒకటే. పిల్ల రెండు రోజులు రాకపోతే మూడో రోజు మీకు ఫోన్ వస్తుంది. మీకు కష్టమొస్తే నిర్ణయం తీసుకునే మనిషి గేటు దగ్గరే దొరుకుతుంది.

ఎండలు మొదలవగానే ఒంటిపూట బడులు నడుస్తాయి. ఏప్రిల్‌లో సెలవులిచ్చేస్తే జూన్ రెండో వారం దాకా మీరు చూడగలిగేది ఖాళీ గదుల్నే. అందుకే సెలవులకు ముందే, మీకు నచ్చిన బడికి పొద్దున్నే వెళ్లి వెనక బెంచీ మీద ఓ గంట కూర్చోండి. చివరి వరుసలో నోరు విప్పని పిల్లవాణ్ణి కనిపెట్టండి. గంట పూర్తయ్యేలోపు టీచరు వాడి దగ్గరికి వెళ్లారా, పేరు పెట్టి పిలిచారా, వాడు తలెత్తాడా చూడండి. రేపు ఆ బెంచీ మీద కూర్చునేది మీ పిల్లే కావచ్చు.

కూర్చోనివ్వని బడిలో మాత్రం చేర్చకండి. అది మా బడే అయినా సరే.