తాడు మారింది, ముడి మారలేదు

బోరు మోటారు చెడిపోతే నలుగురం చేరి పైకి లాగుతాం. తాడు చాలకపోతే ఇంట్లో పడున్న పాత తాడు తెచ్చి అతుకుతాం. నిరుడు మా పక్క చేన్లో జరిగిందీ ఇదే. పాత నూలు మోకుకు కొత్త నైలాన్ తాడు పీటముడి వేసి లాగారు. మోటారు సగం దూరం వచ్చాక ముడి జారింది. మోటారూ పైపూ మళ్లీ బోరులోకే పోయాయి. నీళ్లు లేక మూడెకరాల మిరప ఎండింది. "గట్టిగానే వేసినాం కదన్నా, ఎట్ల ఊడె?" అని ఆ రైతు అడిగిన మాట ఇంకా చెవిలో ఉంది.

అందరూ తాడునే తిట్టారు. కానీ తాడు తెగలేదు, ముడి ఊడింది. నా లెక్కలో తప్పు తాడుది కాదు, మనది.

మన పెద్దలు గోగునార, జనుము తాళ్లు సొంతంగా పేనుకునేవారు. అవి గరుకు. ఎట్లా ముడేసినా ఒకదాన్నొకటి కరుచుకునేవి. నైలాన్ నున్నన, పైగా సాగుతుంది. లావు సన్నం కలిసిన చోట పీటముడి నిలవదు. తాడు మార్చుకున్న మనం ముడి మార్చుకోలేదు.

దీనికి మందు మన దగ్గరే ఉంది. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో ఏ నేతగాడినైనా అడగండి. పోగు తెగితే క్షణంలో ముడేసి చూపిస్తాడు. ఓడల్లో పనిచేసేవాళ్లు లావు మోకుకు సన్నతాడు అతికేదీ ఆ ముడితోనే. గాలం వేసేవాళ్లు కూడా అల్లిక దారానికి నైలాన్ దారం కలిపేటప్పుడు చుట్లు పెంచుతారు. నున్నటిదానికి ఎక్కువ చుట్లు కావాలని వాళ్లకు తెలుసు.

వేసే పద్ధతి ఇది. లావు తాడు కొసను మడిచి వంకీలా పట్టుకోవాలి. సన్నతాడు కొసను ఆ వంకీలోకి కిందినుంచి పైకి తీయాలి. వంకీ రెండు కాళ్ల వెనకనుంచి చుట్టి తెచ్చి, సన్నతాడు కిందుగా, వంకీ మీదుగా దూర్చాలి. నైలాన్ అయితే ఇంకో చుట్టు చుట్టి మళ్లీ అట్లే దూర్చాలి. రెండు కొసలూ ఒకే పక్కకు రావాలి. కొసలు జానెడు వదిలి, మెల్లగా బిగించి, బరువు పెట్టకముందే ఇద్దరు లాగి చూడాలి.

ఆదోని యార్డుకు పోయే పత్తి బండి కట్టుకు ఈ ముడి చాలు. పశువుల తలుగుకు మాత్రం వద్దు. లాగుడు లేక వదులైతే ఊడుతుంది. ఇంకోమాట. ఏ ముడి వేసినా తాడు బలం తగ్గుతుంది, సగం దాకా తగ్గించే ముడులూ ఉన్నాయి. అందుకే మోటారుకు ఒకే ముక్క తాడు కొనండి. బావిలోకి మనిషిని దించేటప్పుడు అతుకు తాడు ముట్టుకోనే వద్దు.

విత్తనాల మీద, మందుల మీద శిక్షణలు పెడుతున్నారు, మంచిదే. రైతు సేవా కేంద్రాల్లో ఒక పూట నేతగాణ్ణి పిలిపించి ముడులు నేర్పిస్తే ఖర్చేం కాదు. అంతదాకా ఆగకుండా రెండు తాడుముక్కలు తీసుకుని ఈ రాత్రే అరుగు మీద వేసి చూడండి, పిల్లలకూ నేర్పండి. వేలు పెట్టి కొన్న మోటారు చివరికి వేలాడేది మన చేతి ముడికే.