రాయకుండా వదిలేసిన ఒత్తు

1991లో నాకు ఇరవై ఒక్కేళ్లు. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షల పుస్తకాలు ముందేసుకుని ఊళ్లోనే ఉన్నాను. నెల్లూరు జిల్లా అంతా అప్పుడు ఒకటే మాట, అక్షరాస్యత. కళాజాత వాళ్లు మా ఊరొచ్చి రచ్చబండ దగ్గర పాడి, ఆడి వెళ్లిన మర్నాడే కుర్రాళ్లం కొంతమందిమి వలంటీర్లుగా పేర్లిచ్చాం. జీతం లేదు. ఒక్కొక్కరికీ పదిమంది నేర్చుకునేవాళ్లు, మూడు వాచకాలు, రెండొందల గంటల చదువు. నాకు ఊరి పడమటి పక్క పాలెం అప్పగించారు.

పగలంతా నాట్లకో కలుపుకో వెళ్లొచ్చి, పొయ్యి మీద ఎసరు దించి, పిల్లలకు అన్నం పెట్టి, రాత్రి ఎనిమిదింటికి వాళ్లు పలకలు పట్టుకొచ్చేవాళ్లు. ఒక లాంతరు, చుట్టూ పదిమంది. రిజిస్టర్లో పది పేర్లు రాసుకున్నాక పదకొండో ఆమె వచ్చి నిలబడింది. యాభై దాటి ఉంటాయి. నాట్లు వేసీ వేసీ నడుము ముందుకు వంగిపోయిన మనిషి.

"నా పేరు కూడా రాసుకో అబ్బయ్యా" అంది.

పదిహేనేళ్ల నుంచి ముప్పై అయిదేళ్ల లోపు వాళ్లనే లెక్కలోకి తీసుకోవాలని శిక్షణలో చెప్పారు. "నీ వయసు లెక్కలోకి రాదు పెద్దమ్మా" అన్నాను. ఆమె వెళ్లిపోలేదు. గడప పక్కన, లాంతరు వెలుగు సగమే పడే చోట కూర్చుంది. మర్నాడూ వచ్చింది. పలక లేదు, వాచకం లేదు. పక్కామె పలక మీద అక్షరం పడుతుంటే చూసి, తన వేలితో నేల మీద దిద్దుకునేది.

ఆ వయసు గీత గీసినవాళ్లను తప్పుపట్టి నేను తప్పించుకోలేను. ముప్పై అయిదు దాటినవాళ్లను లెక్కలో చూపొద్దన్నారు, అంతే. వాళ్లకు చదువు చెప్పొద్దని ఎవరూ అనలేదు. ఆ రెంటికీ మధ్య ఎంత తేడా ఉందో నాకు ఆ రోజే తెలుసు. అయినా పదిమందికి పరీక్ష పెట్టి పాస్ చేయించడమే నా పని అనుకున్నాను. గడప దగ్గర మనిషికి చెప్పే పది నిమిషాలు ఆ పదిమంది నుంచి లాక్కున్నట్టవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మొక్కై వంగనిది మానై వంగునా అని మనకో సామెత ఉందిగదా. పిల్లల్ని దారిలో పెట్టడానికి పుట్టిన ఆ మాటను మా తరం చదువుకున్నవాళ్లం పెద్దవాళ్ల మొహాన తలుపు వేయడానికి వాడుకున్నాం.

అయినా ఆమె నేర్చుకుంది. అ నుంచి మొదలుపెట్టి, మూడు నెలలు తిరిగేసరికి గుణింతాల దాకా వచ్చింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ వయసు ఆడవాళ్ల పేర్లు మన ఊళ్లల్లో చాలావరకు ఎలా ముగుస్తాయో అలాగే, అమ్మ అని ముగుస్తుంది. ఆ పేరును నేల మీద చివరి అక్షరం దాకా రాసేది. ఆఖరి మ కింద ఇంకో మ తగిలించడం మాత్రం రాలేదు. ఒత్తులు నేను ఆఖరికి పెట్టుకున్నాను.

ఆ రోజుల్లో నెల్లూరు పల్లెల్లో ఏం జరిగిందో లోకానికంతా తెలుసు. వాచకంలో సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్లు, ఆ కథలో తమ ఇంటి సారా కథను చూసుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. వాళ్లను నడిపించిన రోశమ్మ పేరు జిల్లా దాటింది. ఆ ఊరి కథే తర్వాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పలక పట్టిన ఏడాది రెండేళ్లలో కూలి ఆడవాళ్లు ఒక ప్రభుత్వం చేత తన పెద్ద ఆదాయం ఒకటి వదులుకునేలా చేశారు. పెద్ద వయసులో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఏం చేయగలవో కళ్లారా చూశాం. చూసిన తర్వాత కూడా ఆ బడి మూసుకుని వచ్చేశాం. మా తప్పుల్లో ఇది అన్నిటికంటే పెద్దది. తెలియక చేశామని చెప్పుకునే వీలు కూడా మాకు లేదు.

పరీక్షలయ్యాయి, సభ పెట్టారు, దండలు వేశారు. తర్వాత వచ్చిన అక్షరాస్యతానంతర కార్యక్రమాలకు మా ఊళ్లో వలంటీరు మిగల్లేదు. ఒకడు టీచరయ్యాడు, ఒకడు కువైట్ వెళ్లాడు, నేను బ్యాంకు క్లర్కునయ్యాను. అక్షరం వాడకపోతే చెరిగిపోతుంది. కొత్తగా చదవడం వచ్చిన మనిషి చేతిలో పెద్ద అక్షరాల పుస్తకమో, గోడపత్రికో, వారానికోసారి కూర్చోబెట్టి చదివించే మనిషో లేకపోతే ఏడాదిలో ఆ చదువు సంతకం దగ్గరకు కుదించుకుపోతుంది. ఇంకో రెండేళ్లకు సంతకమూ వంకరపోతుంది. ఇది మాకు శిక్షణ మొదటి రోజే చెప్పారు. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా.

1998 ప్రాంతంలో ఆమె మళ్లీ కనిపించింది. సారా ఉద్యమం వెనకే నెల్లూరు జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు సంఘాలు బలంగా లేచాయి. ఆ సంఘాల ఆడవాళ్లు గుంపులుగా బ్యాంకుకు వచ్చేవాళ్లు. ఆమె ఒంటరిగా, సొంతంగా ఖాతా తెరవడానికి వచ్చింది. కౌంటర్ అవతల నన్ను చూసి గుర్తుపట్టింది. "నువ్వు మా పాలెం బడి అబ్బయ్యవి గదా!" ఆ మొహంలో వెలుగు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. ఫారం ఇచ్చాను. "సంతకం పెడతా" అంది. పెన్ను నిలువుగా, గొడ్డలి కామను పట్టినట్టు పట్టుకుని ఒక్కో అక్షరం మొదలుపెట్టింది. వెనక ఇరవై మంది క్యూ. మొదటి అక్షరానికి నిమిషం, రెండోదానికి ఇంకో నిమిషం. చివరి మ దగ్గర ఆగిపోయింది. దాని కిందకి ఏదో రావాలని ఆమెకు తెలుసు. అదేమిటో చేతికి తెలియదు.

నేను ఇంకుప్యాడ్ ముందుకు జరిపాను. "వేలిముద్ర వెయ్యి పెద్దమ్మా, తొందరగా అయిపోతుంది" అన్నాను.

ప్రతిసారీ సంతకం కలవకపోతే డబ్బు ఇవ్వడం కష్టమవుతుంది, ఆమె మంచికే అన్నానని అప్పట్లో అనుకున్నాను. అది అబద్ధం. ఒక కాగితం ముక్క తీసుకుని మ కింద ఒత్తు వేసి చూపించడానికి పదిహేను సెకన్లు పట్టేది. ఆమె ఏమీ అనలేదు. వేలు అద్దింది, కాగితం మీద ఒత్తింది, చీర చెంగుకు తుడుచుకుంది. బ్యాంకు పుస్తకాల్లో ఆమె నిశానీ అయిపోయింది. ఆ పని చేసింది ఆమె అక్షరాలు నేర్చుకున్న బడి నడిపిన మనిషే.

ఆ కౌంటర్ వెనకున్న మేమంతా చదువుకున్నవాళ్లమే. మాలో మేము కూడా ఇలాగే చేసుకున్నాం. బ్యాంకుల్లోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు మా బ్రాంచిలో యాభై రెండేళ్ల హెడ్ క్యాషియర్ ఉండేవారు. చేత్తో కూడితే పైసా తేడా రాని మనిషి. ఆయన నా పక్కకొచ్చి "ఇదొకసారి చూపిస్తావా నాయనా" అని రెండుసార్లు అడిగారు. చూపించాను, చూపించడమంటే ఆయన చేతిలోని మౌస్ తీసుకుని నేనే చేసేశాను. మూడోసారి ఆయన అడగలేదు. 2000-01లో ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం వచ్చినప్పుడు కాగితం రాసిచ్చి వెళ్లిపోయారు. "ఈ వయసులో ఇంకేం నేర్చుకుంటాం" అన్నారు వెళ్తూ. నిజానికి ఆయన నేర్చుకోవడానికి సిద్ధంగానే వచ్చారు. పక్క కుర్చీలో ఉన్న మాకు ఓపిక లేకపోయింది.

ఇంటి సంగతి ఇంకా చెప్పలేదు. చెప్పకుండా ఈ వ్యాసం ముగించవచ్చు, కానీ అప్పుడిది సగం నిజమే అవుతుంది. నా భార్యకు పెళ్లయ్యేటప్పటికి ఇంటర్ మొదటి ఏడాదితో చదువు ఆగింది. 1982లో హైదరాబాదులో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టారు, ఇప్పుడు అంబేద్కర్ పేరు మీద ఉన్నదే. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి తెలుగులోనే డిగ్రీ చదువుకునే దారి అక్కడ వేశారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్ల కోసం, షాపుల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం, బడి వదిలి పదేళ్లయిన వాళ్ల కోసం వేసిన దారి అది. మా ఆవిడ ఆ దరఖాస్తు తెప్పించుకుంది. పెద్దవాడి పదో తరగతి అయ్యాక చూద్దాం అన్నాను. తర్వాత వాడి ఇంటర్ అన్నాను. తర్వాత చిన్నదాని పదో తరగతి. దరఖాస్తు బీరువాలో బట్టల కింద ఉండిపోయింది. వద్దని ఒక్కసారి కూడా అనలేదు నేను. అనాల్సిన అవసరం రాలేదు.

అదే సమయంలో పిల్లలను మాత్రం ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్లో వేశాం. తెల్లారి ఆరింటికి లేపి, రాత్రి పదింటిదాకా కూర్చోబెట్టాం. నాలాంటి ఇళ్లు మా వీధిలో పదో పన్నెండో ఉన్నాయి, అన్నీ అంతే. మనిషి బతుకులో నేర్చుకోవాల్సినదంతా అయిదేళ్లకు మొదలై ఇరవై రెండేళ్లకు పూర్తి కావాలని, ఆ తర్వాత ఉద్యోగం తప్ప మరేమీ ఉండదని మేమంతా నమ్మాం. ఆ నమ్మకం పిల్లలకు ఊపిరాడకుండా చేసింది, పెద్దవాళ్లకు పలక లేకుండా చేసింది. నేనైతే ప్రమోషన్ పరీక్షకు తప్ప ముప్పై ఏళ్లలో ఒక్క పుస్తకం ఆసాంతం చదివిన గుర్తు లేదు. ఇరవై ఒకటో ఏట రష్యన్ నవలల అనువాదాలు రాత్రంతా మేల్కొని చదివిన మనిషిని.

ఈ నమ్మకం మనకు వారసత్వంగా వచ్చిందేమీ కాదు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టినవాళ్లు పుస్తకాన్ని అచ్చంగా చదువుకున్నవాళ్ల సొత్తుగా చూడలేదు. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటివాళ్లు ఊరూరా గ్రంథాలయాలు పెట్టించారు, వయోజన విద్యను అందులో భాగంగానే చూశారు. పాతూరి నాగభూషణం 1930లలో కృష్ణా కాలువ మీద పుస్తకాలను పడవలో వేసి రేవు రేవుకూ పంపించారు. మనిషి పుస్తకం దగ్గరకు రాలేకపోతే పుస్తకమే మనిషి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచన కాగితం మీద ఆగిపోకుండా నీళ్ల మీద నడిచింది. మేం ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కట్టి, ఆ పైసలు ఎక్కడికి పోతున్నాయని ఒక్కసారీ అడగలేదు. మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో ఇప్పుడు గ్రూప్స్‌కు చదివే పిల్లలు కూర్చుంటారు, పాపం వాళ్లకూ ఇంకో చోటు లేదు. కొత్తగా అక్షరాలు నేర్చిన యాభై ఏళ్ల మనిషి వెళ్లి చదవగలిగే పెద్ద అచ్చు పుస్తకం ఒకటుందా అని మొన్న వెతికాను. లేదు.

2011 జనగణనలో ఉమ్మడి రాష్ట్రంలో అక్షరాస్యత 67.02 శాతం. ఆడవాళ్లలో 59.15. అంటే ఏడేళ్లు దాటిన ప్రతి వందమంది ఆడవాళ్లలో నలభై మందికి పైగా చదవడం రాయడం రాదు. దేశమంతా మా నెల్లూరును చూసి మెచ్చుకున్న ఇరవై ఏళ్ల తర్వాతి లెక్క ఇది. మధ్యలో సాక్షర భారత్ వచ్చింది, నెలకు రెండు వేల గౌరవ వేతనంతో గ్రామ కోఆర్డినేటర్లు పనిచేశారు, 2018లో అదీ ఆగిపోయింది. ఆగినప్పుడు ఆ కోఆర్డినేటర్లు రోడ్డెక్కారు. మేం టీవీలో చూసి ఛానెల్ మార్చాం.

ఇప్పుడు పల్లెల్లో వేలిముద్రకే మళ్లీ కాలం వచ్చింది. ఆధార్ మిషన్ మీద వేలు పెడితే డబ్బు చేతికొస్తుంది. కానీ నలభై ఏళ్లు నాట్లు వేసి, గిన్నెలు తోమి, ఇటుకలు మోసిన వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. "ముద్ర పడటం లేదమ్మా, ఇంకో వేలు పెట్టు" అంటారు. ఒక్కో వేలే పెట్టి, చేతులు కడుక్కొచ్చి, మళ్లీ పెట్టి, రేపు రమ్మంటే తిరిగి వెళ్లే ముసలివాళ్లను చూస్తుంటాను. సంతకం మా చేతులతోనే తీసేసుకున్నాం. బదులుగా మేమిచ్చిన ముద్ర కూడా వాళ్లకు దక్కలేదు.

ఆమె చనిపోయి తొమ్మిదేళ్లయింది. నాకు ఆలస్యంగా తెలిసింది. ఆ ఇంటికి వెళ్లాను. కోడలు కాఫీ ఇచ్చి, "మా అత్త బ్యాంకు పుస్తకం అట్ట మీద తన పేరు రాసుకునేదండీ" అని తెచ్చి చూపించింది. నీలం అట్ట మీద పెన్సిల్‌తో, ఒకదాని కింద ఒకటి, అయిదారు సార్లు రాసి ఉంది. అన్నిటిలోనూ ఆఖరి మ ఒంటరిగానే ఉంది. కింద కొంచెం చోటు వదిలి ఉంది.

పాలెం బడి ఆఖరి రాత్రి ఇప్పుడు తరచుగా గుర్తొస్తుంది. లాంతరు, చాప, నల్లబల్ల సర్దుకుంటున్నాను. పదిమందీ వెళ్లిపోయారు. ఆమె గడప దగ్గర నుంచి లేచి, నేల మీద రాసుకున్న పేరు నాకు చూపించి అడిగింది.

"కింద పెట్టే మ ఎప్పుడు చెప్తావు అబ్బయ్యా?"

"రేపు" అన్నాను.